నిండు బస్సు – పర్యావరణ రక్షణ



పర్యావరణ పరిరక్షణమను మాట వినబడగానే మన మనస్సులు అడవుల వైపునకో, నదుల వైపునకో, మహానగరములపై కమ్ముకొనిన పొగ వైపునకో పరుగిడుట పరిపాటియైనది. కాని ఆ పరిరక్షణమునకు సంబంధించిన నిర్ణయములలో మిక్కిలి ముఖ్యమైనదానిని మనలో ప్రతియొక్కరును ప్రతిదినము ఉదయమున ఇంటి గడప దాటునప్పుడే చేయుచున్నాము. పనికి పోవువాడు బస్సు స్టేజికి నడచునా, రైల్వే స్టేషనుకు పోవునా, తన బండి తాళము చేతబట్టునా యను ఆ చిన్న నిర్ణయమే, లక్షల యిండ్లలో నిత్యము పునరావృత్తమై, ఒక ప్రాంతము పీల్చు గాలిని, దాని రోడ్ల రూపమును, కడకు సంసారపు ఖర్చును సైతము శాసించుచున్నది. నేటి ప్రసంగమున ఈ విషయమును జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను మూడు పట్టణములను ఆధారముగా గొని విన్నవింపదలచితిని. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైన ఈ మూడును పూర్వపు వరంగల్లు జిల్లాకు చెందినవే యైనను, ప్రయాణ సౌకర్యముల విషయమున దేని దారి దానిదే.

మొదట ఒక చిన్న లెక్క. మన పల్లె వెలుగు బస్సు లీటరు డీజిలుతో ఇంచుమించు 5 కిలోమీటర్లు నడచును. మండల కేంద్రము నుండి జిల్లా కేంద్రమునకు 30 కిలోమీటర్లనుకొన్నచో ఆ దూరమునకు 6 లీటర్లు ఖర్చగును. బస్సులో 50 మంది ఉన్నారనుకొందము. వారే తలకొక మోటారు సైకిలు మీద బయలుదేరినచో, లీటరుకు 50 కిలోమీటర్లిచ్చు బండ్లకు సైతము మొత్తము 30 లీటర్ల పెట్రోలు కావలయును. బండికిద్దరు చొప్పున పోయినను 15 లీటర్లు తప్పవు. ఇప్పుడీ లెక్కనే తిరుగవేసి చూడుడు. అదే బస్సు 10 మందితో పోయినను దానికి 6 లీటర్లు కావలసినదే. ఆ పదిమందియు అయిదు బండ్ల మీద పోయినచో 3 లీటర్లతో సరిపోవును. కావున బస్సు రోడ్డెక్కినంత మాత్రమున గాలికి మేలు కలుగదు, అది నిండినప్పుడే ఆ మేలు కలుగును. బస్సు నిండవలెనన్నచో జనులు దానిని నమ్మవలెను. నమ్మవలెనన్నచో అది చెప్పిన వేళకు రావలెను. దిగినచోట తరువాతి బండి దొరకవలెను. నేను విన్నవింపదలచిన విషయమంతయు ఇందులోనే యిమిడియున్నది.

ఈ ప్రాంతమునకు రైలు వచ్చి నూట ముప్పది యేండ్లు దాటినది. నిజాము ప్రభుత్వపు హామీతో నిర్మితమైన రైలు మార్గము 1874లో వాడీ నుండి సికింద్రాబాదునకు వచ్చి, అచ్చటి నుండి తూర్పుగా సాగి, 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది. జనగామయు, ఇప్పటికిని జనులు మానుకోటయని పిలుచుకొను మహబూబాబాదును ఆ మార్గమునందలివే. అటు పిమ్మట 1932 జూన్ నెలలో హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వ బస్సులు ఆరంభమైనప్పుడు, వానికై వేరొక సంస్థను స్థాపింపక, రైల్వేలోనే రోడ్డు రవాణా విభాగము నొకదానిని నెలకొల్పి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నడుప మొదలిడిరి. రైలు దిగినవానిని వాని యూరు చేర్చు బాధ్యత కూడ రైలు నడుపువారిదే యన్న భావము ఆ యేర్పాటులో నిహితమై యున్నది. 1951లో బస్సులు రైల్వే నుండి విడివడి రాష్ట్ర ప్రభుత్వ శాఖ యైనవి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకు ప్రత్యేక సంస్థ వచ్చినది. ఈ మార్పుల వలన బస్సులు వేలకు వేలు పెరిగినవి, మారుమూల పల్లెలకు సైతము పోయినవి; అది సామాన్యమైన ఘనత కాదు. కాని నేడు రైలు కేంద్రము చేతిలోను, బస్సు రాష్ట్రము చేతిలోను ఉండుటచే ఎవరి వేళలు వారివైనవి. రైలు దిగి బస్సు కొరకు, బస్సు దిగి రైలు కొరకు గంటల తరబడి నిరీక్షించి విసిగినవాడు, చేతిలో నాలుగు డబ్బులాడగానే మొదట కొనునది సొంత బండియే.

జనగామ విషయము చూడుడు. హైదరాబాదునకు ఎనుబది యెనుబదియైదు కిలోమీటర్ల దూరమున, జాతీయ రహదారి మీద, ప్రధానమైన రైలు మార్గము మీద నెలకొనియున్న ఈ పట్టణము క్రమక్రమముగా రాజధానికి దూరపు శివారుగా పరిణమించుచున్నది. ఉద్యోగమునకై, వైద్యమునకై, కళాశాలకై, కచేరి పనికై తెల్లవారుజాముననే బయలుదేరి చీకటి పడువేళకు తిరిగివచ్చువారు ఇచ్చట అనేకులు. బస్సున పోవువారు ఉప్పలు చేరి, 2017లో ఆరంభమైన మెట్రో రైలెక్కి నగరము నడిబొడ్డునకు పోగలరు. రైలున పోవువారు సికింద్రాబాదులో దిగి సిటీ బస్సులను పట్టుకొనగలరు. నగరమునందు 2003లో ఆరంభమైన ఎమ్ఎమ్‌టిఎస్ రైలు 2024 మార్చిలో ఘట్‌కేసరు వరకు వచ్చినది. దానిని యాదాద్రి సమీపమున గల రాయిగిరి వరకు పొడిగింప వలెనన్న ప్రణాళిక కలదు. రాయిగిరి దాటినచో ఆలేరు, ఆలేరు దాటినచో జనగామ. అట్టి రైలు ఏనాటికైనను జనగామను చేరినచో, రహదారి మీద ఉదయ సాయంకాలములయందు బారులు తీరు కార్లలో కొన్నియైనను ఇంటి ముంగిటనే నిలిచిపోగలవని విశ్వసింపవచ్చును. కాని ఆ శుభదినము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ వలసిన యవసరము లేదు. పాలకుర్తి, దేవరుప్పుల, నర్మెట, బచ్చన్నపేటల నుండి వచ్చు తొలి బస్సును సికింద్రాబాదు పోవు ఉదయపు రైలు వేళకు స్టేషను ముందునకు చేర్చుటకును, సాయంకాలమున వచ్చు రైలు కొరకు ఆఖరు బస్సును కొలది నిమిషములు నిలిపియుంచుటకును కొత్త పట్టాలు అక్కరలేదు, కోట్ల ధనమును అక్కరలేదు. రైల్వే అధికారియు, డిపో మేనేజరును ఒక బల్ల యొద్ద కూర్చుండి రెండు కాలపట్టికలను ప్రక్కప్రక్కన పరచుకొన్నచో చాలును.

మానుకోటలో ఈ యవసరము మరింత తీవ్రమైనది. అచ్చట రైలు దొరకుట కష్టము కాదు; రైలు వద్దకు చేరుటయే కష్టము. ఆ జిల్లా తండాల జిల్లా. గూడూరు, బయ్యారము, గార్ల, కొత్తగూడ, గంగారము ప్రాంతముల తండాలును గూడెములును చెట్టుకొకటి పుట్టకొకటిగా చెదరియున్నవి. ఎండుమిర్చి కాలమున బస్తాలతో రైతులు మానుకోట, కేసముద్రము మార్కెట్లకు రావలెను. పిల్లలు కళాశాలకు రావలెను. గర్భిణులు జిల్లా ఆసుపత్రికి రావలెను. ఇట్టి చోట్ల ఆర్టీసీ వారి నైట్ హాల్ట్ బస్సు చేయు సేవ పట్టణవాసులకు తెలియనిది. రాత్రి ఆఖరు ట్రిప్పుగా ఊరు చేరిన బస్సు ఆ యూరనే నిలిచిపోవును. డ్రైవరును కండక్టరును ఆ రాత్రి అచ్చటనే పరుండి, కోడి కూయు వేళకు లేచి, ముఖము కడుగుకొని బస్సు తీయుదురు. అప్పటికే స్టేజి వద్ద పాల క్యానులు, కూరగాయల గంపలు, టిఫిను డబ్బా పుస్తకముల సంచిలో దూర్చుకొనిన విద్యార్థులు సిద్ధముగా నుందురు. ఆ బస్సొక్కటి నడచినన్నాళ్లు ఆ యూరి ఆడపిల్ల ఇంటరు మీడియేటు చదువును. ఆ బస్సు నిలిచిపోయిన నాడు, తండ్రి బండి మీద దింపగలిగిన పిల్ల మాత్రమే చదువును. ఆదాయము తక్కువన్న కారణముచే ఇట్టి సర్వీసును రద్దు చేయునప్పుడు మిగిలిన డీజిలు ఎంతో లెక్క కట్టుదురు గాని, దాని వలన ఆ యూర కొత్తగా ఎన్ని బండ్లు కొనబడినవో, ఎన్ని చదువులు ఆగినవో ఎవ్వరును లెక్క కట్టరు.

రైలు విషయమునకు వచ్చినచో, 2023 జనవరిలో సికింద్రాబాదు నుండి విశాఖపట్టణమునకు మొదలైన వందే భారత్ రైలు వరంగల్లు, ఖమ్మములయందు ఆగును గాని నడుమనున్న మానుకోటను చూచుకొనుచు పోవును. వేగమునకు వేగము కావలసినదే. దానిని నేను తప్పుపట్టను. కాని ఈ ప్రాంతపు కూలీలకు, విద్యార్థులకు, చిరువ్యాపారులకు ఆధారము ప్రతి స్టేషనునందు ఆగు ప్యాసింజరు రైలే. కాజీపేట నుండి విజయవాడ వరకు తలపెట్టిన మూడవ లైను పూర్తియైన పిదప ఆ లైను వలన కలుగు వెసులుబాటులో కొంత భాగము ఈ ప్యాసింజర్లకు దక్కవలెనని కోరుట న్యాయమే. 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన అమృత భారత్ పథకమున జనగామ, మహబూబాబాదు స్టేషనులు రెండును చేరినవి. స్టేషను ముఖద్వారము సుందరమగుట మంచిదే. ఆ ద్వారము వెలుపల బస్సు ఆగుటకు తగిన చోటును, ఏ యూరి బస్సు ఎన్ని గంటలకో తెలుపు పలకయు ఉన్నప్పుడే ఆ సౌందర్యము సార్థకమగును.

వాతావరణ మార్పు ఎచ్చటనో ధ్రువ ప్రాంతముల మంచునకు సంబంధించిన వార్త యనుకొనువారికి మానుకోట జిల్లా 2024లో కన్నులకు కట్టినట్లు సమాధానము చెప్పినది. ఆ సంవత్సరము ఆగస్టు నెలాఖరున కురిసిన కుండపోత వానకు, సెప్టెంబరు 1 నాటికి, కేసముద్రము – ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలు కట్ట కొట్టుకొనిపోయి, క్రింది కంకరయు మట్టియు వరదపాలై, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. రైళ్లు ఎచ్చటివచ్చటనే నిలిచిపోయినవి. చిక్కుకొనిన ప్రయాణికులను ఆ దినమున కాజీపేటకు చేర్చినవి బస్సులే. రైల్వే సిబ్బంది వానలోనే రేయింబవళ్లు శ్రమించి కొలది దినములలో మార్గమును పునరుద్ధరించిరి. ఒకే యొక వానను చూపి ఇది కేవలము పొగ ఫలమని చెప్పుట శాస్త్రీయము కాదు. కాని భూగోళము వేడెక్కినకొలది ఇట్టి కుండపోతలు అధికమగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నప్పుడు, ఆ వేడిని తగ్గింపగల రైలు మార్గమే ఇట్టి వానకు బలియగుట మనలను ఆలోచింపజేయవలెను. ఆపద వేళ రైలును బస్సు ఆదుకొన్నది. ఆపద లేని వేళ కూడ ఆ సహకారము నిలుపుకొనుట మన చేతిలోని పని.

ఇక భూపాలపల్లి. జయశంకర్ సారు పేరు ధరించిన ఈ జిల్లా కేంద్రమునకు రైలే లేదు. నేల క్రింద సింగరేణి గనులు, చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రము: మొదట 500, తరువాత 600, వెరసి 1100 మెగావాట్లు. రాష్ట్రమునకు వెలుగునిచ్చు ఈ పట్టణము మాత్రము పరకాల మీదుగా హనుమకొండకు పోవలెనన్నను, కాటారము మీదుగా కాళేశ్వరము పోవలెనన్నను రోడ్డునే నమ్ముకొనవలెను. ఆ రోడ్డు మీదనే బొగ్గు లారీలు, ఆ రోడ్డు మీదనే షిఫ్టుకు పోవు కార్మికుల బండ్లు, ఆ రోడ్డు మీదనే బడిపిల్లల బస్సు. మహాముత్తారము, పలిమెల వంటి అటవీ మండలముల వారికి బస్సు తప్పినదన్నచో ఆనాటి పని తప్పినట్లే. రామగుండము నుండి భూపాలపల్లి మీదుగా మణుగూరునకు రైలు మార్గము వేయవలెనన్న ప్రతిపాదన చిరకాలముగా వినబడుచున్నది. బొగ్గు రైలెక్కినచో రోడ్డు మీద దుమ్ము తగ్గును, ప్రమాదములు తగ్గును. బొగ్గుతో పాటు మనుష్యులకు కూడ ఆ మార్గమున తగినన్ని రైళ్లు నడుపవలెనని ఇప్పటినుండియే కోరుట మంచిది.

భూపాలపల్లిని తలచుకొన్నప్పుడే విద్యుత్ బస్సుల విషయమును కూడ నిష్పాక్షికముగా పరిశీలింప వలసియున్నది. 2025 ఆరంభమున వరంగల్లు నుండి విద్యుత్ బస్సులు తిరుగనారంభించినవి. అవి పొగ విడువవు, చప్పుడు చేయవు. బస్టాండు ప్రక్కన దుకాణము పెట్టుకొని దినమంతయు ఆ గాలినే పీల్చువానికి అది గొప్ప ఉపశమనము. కాని పెద్ద విద్యుత్ బస్సు కిలోమీటరునకు ఇంచుమించు ఒక యూనిట్టు విద్యుత్తును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వాడుకొనును. ఆ యూనిట్టు బొగ్గు నుండి వచ్చినదైనచో విద్యుత్ కేంద్రము పొగగొట్టము నుండి సుమారు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువు వెలువడును. డీజిలు బస్సు పల్లెదారిన కిలోమీటరునకు వెలువరించునది అర కిలోకు కొంచెము పైగా మాత్రమే. అనగా వరంగల్లులో తగ్గిన పొగ చెల్పూరు ఆకాశమున తేలవచ్చును. ఇది విద్యుత్ బస్సు వలదనుటకు చెప్పిన మాట కాదు. నగరములో ఆగుచు సాగుచు నడచు డీజిలు బస్సు ఇంకను ఎక్కువ త్రాగును గనుక అచ్చట విద్యుత్ బస్సు సముచితము. ఆ బస్సుతో పాటు సూర్యరశ్మి నుండి వచ్చు విద్యుత్తు కూడ పెరిగినప్పుడే మేలు సంపూర్ణమగును. సింగరేణి సంస్థయే భూపాలపల్లిలో సౌర విద్యుత్ కేంద్రమును నెలకొల్పియుండగా, డిపోల కప్పుల మీదను, బస్టాండుల నీడల మీదను సౌర ఫలకములు పరచి, పగటి వేళ నిలిచియుండు బస్సులకు ఆ విద్యుత్తునే అందించుట అసాధ్యము కాదు.

బస్సు నిండుట యెట్లన్న ప్రశ్నకు మన రాష్ట్రము 2023 డిసెంబరు 9న ఒక సమాధానము చెప్పినది. ఆనాటి నుండి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఛార్జి లేదు. కండక్టరు గుర్తింపు కార్డు చూచి జీరో టికెట్టు చేతికిచ్చును. ఆ టికెట్టు విలువను ప్రభుత్వము సంస్థకు చెల్లించును. కూలికి పోవు తల్లికి, అంగడికి పోవు అవ్వకు, పుట్టింటికి పోవు కూతురికి రోడ్డు తెరుచుకొన్నది. బస్సులు నిండినవి, ఒక్కొక్క చోట నిండుటను మించి, ఫుట్‌బోర్డు మీద విద్యార్థులు వ్రేలాడు స్థితికి వచ్చినవి. ఇది పథకపు వైఫల్యము కాదు. జనులకు బస్సు ఎంత కావలసియుండెనో తెలుపు సాక్ష్యము. ఆ సాక్ష్యమునకు తగిన ప్రత్యుత్తరము బస్సుల సంఖ్యను పెంచుటయే. స్వయం సహాయక సంఘముల మహిళలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చు పద్ధతి 2025 మార్చిలో ఆరంభమైనది. పొదుపు సంఘమునుండి పుట్టిన బస్సు ఆ సంఘపు ఊళ్లకే తిరుగుట సంతోషింపదగిన విషయము. ఐరోపాలోని లక్సెంబర్గు దేశము 2020లో బస్సు, రైలు ప్రయాణమును అందరికిని ఉచితము చేసినను, కార్లు మాత్రము అచ్చటి రోడ్లను విడిచిపోలేదు. ఛార్జి లేకపోవుట బీదవానిని బస్సెక్కించును; బండి గలవానిని ఎక్కించునది సమయపాలనయే.

ఇచ్చట ఆటో డ్రైవర్ల గోడును విస్మరించుట ధర్మము కాదు. జనులు బస్సులకు మరలుటచే బేరము తగ్గి, అప్పు చేసి కొనిన ఆటోకు కిస్తీ కట్టలేక బాధపడుచున్నవారు ఈ మూడు పట్టణములలోను గలరు. వారిని బస్సునకు పోటీదారులుగా గాక దాని శాఖలుగా భావింపవలెను. కాకతీయుల కాలమున మన పెద్దలు ఈ నేల మీద చెరువులను గొలుసుకట్టుగా త్రవ్వించిరి. పై చెరువు అలుగు పారి క్రింది చెరువును నింపును, దాని అలుగు మరొకదానిని నింపును, నడుమ ఒక్క కాలువ పూడిపోయినను క్రింది ఆయకట్టంతయు ఎండిపోవును. ప్రయాణము కూడ అట్టిదే. తండా నుండి స్టేజి వరకు ఆటో, స్టేజి నుండి పట్టణము వరకు బస్సు, పట్టణము నుండి నగరము వరకు రైలు. ఏ యొక్కటి తెగినను మిగిలినవి యున్నను లేనట్లే. బస్సు పోలేని దారులలో, బస్సు వేళలకు, నిర్ణీతమైన ఛార్జీతో ఆటోలు నడుచునట్లు పంచాయతీలును రవాణా శాఖయు ఏర్పాటు చేసినచో ఆటోవానికి బేరము నిలుచును, బస్సునకు జనము పెరుగుదురు.

ఇట్టి అనుసంధానము కేవలము ఊహ కాదనుటకు స్విట్జర్లాండు దేశము తార్కాణము. కొండలు, లోయలు, చిన్న చిన్న పల్లెలు గల ఆ దేశము 1982లో తన రైళ్లన్నింటిని గంట గంటకు ఒకే నిమిషమున వచ్చునట్లు క్రమబద్ధము గావించి, కొండదారుల తపాలా బస్సులను స్టేషను ముందు ఆ రైళ్ల కొరకు వేచియుండునట్లు ఏర్పరచినది. సంపన్న దేశమని కొట్టివేయుటకు వీలులేదు. ఆ యేర్పాటున ధనము కంటె వేళ పట్ల గౌరవము ప్రధానము. అట్టి సామర్థ్యము మనకు లేదనుటయు సరికాదు. రెండేండ్లకొకసారి మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగునప్పుడు ఇదే ఆర్టీసీ అన్ని ప్రాంతముల నుండి వేలాది బస్సులను రప్పించి, అడవి నడుమ తాత్కాలికమైన బస్టాండును వెలయించి, లక్షల జనమును తెచ్చి, దర్శనానంతరము క్షేమముగా ఇండ్లకు చేర్చుచున్నది. నాలుగు దినముల జాతరకు ఇంతటి సంఘటనాశక్తిని చూపగలవారు నిత్యజీవితమునకు అందులో కొంత భాగము చూపలేకపోరు.

కావున అధికారులకు, ప్రజాప్రతినిధులకు నా విన్నపములు కొన్నియే. జనగామ, మానుకోట, కేసముద్రము, డోర్నకల్లు స్టేషనులలో రైలు వేళలకు బస్సు వేళలను జతపరచుడు. బస్టాండులో రైళ్ల పట్టికను, స్టేషనులో బస్సుల పట్టికను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించుడు. నైట్ హాల్ట్ బస్సును రద్దు చేయుటకు ముందు ఆ యూరి గ్రామసభను అడుగుడు. ప్రతి స్టేజి వద్ద నీడయు త్రాగునీరును, ప్రతి బస్టాండున స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లును ఉండునట్లు చూడుడు. భూపాలపల్లి రైలు మాటను కాగితముల మీద నిద్రపోనీయకుడు.

శ్రోతలారా, ప్రభుత్వము చేయవలసినది ఎంత యున్నను, బస్సును నింపవలసినవారము మనమే. బండి గల ఉపాధ్యాయుడు, గుమాస్తా, వ్యాపారి, యువకుడు వారమునకు రెండు దినములైనను బస్సెక్కినచో, బస్సు ఆలస్యమును గూర్చి అడుగు గొంతులు పెరుగును. బీదవాడొక్కడే ఎక్కు బస్సును గూర్చి అడుగువారుండరు, అడుగువారు లేని బస్సు బాగుపడదు. రేపటి ఉదయమున బయలుదేరుటకు ముందు మీ యూరి బస్సు వేళను ఒకసారి కనుగొనుడు. దానికి అనుకూలముగా మీ పనిని పది నిమిషములు జరుపుకొనుడు. బస్సు రాకపోయినచో ఊరక తిట్టుకొని బండి తీయక, నలుగురు కలిసి డిపోకు వ్రాతపూర్వకముగా తెలుపుడు, వచ్చినచో ఎక్కుడు. మన గాలి, మన రోడ్లు, మన పిల్లల చదువులు ఆ బస్సు మీద ఆధారపడియున్నవి.